కణత్వచ భావనా చరిత్ర

జీవకణము నావరించి మిక్కిలి పలుచని పొర యొకటి కలదనియు, అది కొన్ని పదార్థములను లోనికి బోనిచ్చి కొన్నిటిని నిరోధించుననియు నేడు ఉన్నత పాఠశాల విద్యార్థులు సైతము చెప్పగలరు. పాఠ్యగ్రంథములలో దాని పటము కూడ నుండును. రెండు వరుసలుగా కొవ్వు అణువుల తలలు, వాని నడుమ తోకలు, అచ్చటచ్చట గడ్డలవంటి మాంసకృత్తులు. ఈ పటమును చూచినవారికి, ఎవరో సూక్ష్మదర్శినిలో దీనిని చూచి చిత్రించిరని తోచుట సహజము. కాని చరిత్ర అట్లు నడువలేదు. ఈ పొరను ఎవరును చూడకమున్నే దాని ఉనికిని, పదార్థమును, మందమును, చాలవరకు దాని కట్టడమును కూడ శాస్త్రజ్ఞులు నిర్ణయించి యుండిరి. ఏ పదార్థము దాటినది, ఏది దాటలేదు అను విచారణయే వారికి ముఖ్యాధారము. తుదకు పొర కంటికి కనబడిన నాడు ఆ కనబడినదే కొంతకాలము వారిని పెడదారి పట్టించినది. ఈ సంగతిని సాధారముగ చూపుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

పరిభాషను గూర్చి మొదట నొక మాట చెప్పవలసియున్నది. వృక్షకణములకు వెలుపల నుండు గట్టి గోడను తెలుగు పాఠ్యగ్రంథములు కణకవచమని వ్యవహరించుచున్నవి. దానికి లోపల, వృక్షకణములకును జంతుకణములకును సమానముగ నుండు పలుచని పొరను ప్లాస్మాత్వచమనియు కణత్వచమనియు వాడుచున్నవి. త్వక్కనగా చర్మము; చెట్టు బెరడును త్వక్కే. లాటినులోని మెంబ్రేన శబ్దమునకును చర్మము, తోలుపత్రము అను అర్థములే కలవు. రెండు భాషలును ఒకే ఉపమానము నాశ్రయించినవి. ఈ ఉపమానమున నొక చిక్కు కలదు. చర్మము ఘనపదార్థము, కణత్వచమో ద్రవస్వభావము గలది. ఈ సంగతి 1970 ప్రాంతమునకు గాని స్థిరపడలేదు. తెలుగు 'పొర' శబ్దము ఉల్లిపొరకు, కంటిపొరకు చెల్లినట్లే నీటిపై తేలు నూనెపొరకును చెల్లును. ఈ మూడవ అర్థమే ప్రస్తుత చరిత్రకు ముఖ్యము. కనుక శాస్త్రపదముతోపాటు పొర యను తేట తెలుగు మాటను కూడ మేము నిస్సంకోచముగ వాడుచున్నాము.

1665లో రాబర్టు హుక్ కార్కు బెరడును సన్నగా కోసి చూచి, అందలి గదులకు పెట్టిన పేరే నేటి కణశబ్దమునకు మూలము. ఆయన చూచినవి చచ్చిన కణముల గోడలు. ఆ గోడల లోపల నుండవలసిన పొర ఆయన కాలమునకు నశించి యుండెను. చూడగలిగినను దానిని చూచుట ఆయన సాధనములకు సాధ్యము కాదు. దాని మందము 7, 8 నానోమీటర్లు మాత్రమే. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో నొక భాగము నానోమీటరగును. వెలుతురుతో పనిచేయు సాధారణ సూక్ష్మదర్శిని యేదియు ఇంతటి సూక్ష్మవస్తువును విడదీసి చూపజాలదు.

అట్లయిన పొర యున్నదన్న సంగతి యెట్లు తెలిసినది? ఉప్పు, నీరు, రంగు ఈ మూడింటి వలన. మాగాయకు తరిగిన మామిడిముక్కలకు ఉప్పు పట్టించి యుంచినచో ఊట దిగునని మన ఇండ్లలో తెలియని వారుండరు. నీరు ముక్కలను విడిచి ఉప్పు వైపునకు వచ్చును. పచ్చి బీట్‌రూట్ ముక్కను కడిగి చల్లని నీటిలో నుంచిన రంగు దిగదు. ఉడికించిన వెంటనే నీరంతయు ఎర్రబడును. లోపలి రంగును ఇంతవరకు పట్టియుంచినది గోడయే యైనచో ఉడికిన తరువాతను పట్టియుంచవలెను, గోడ అప్పుడును ఉన్నది గదా. ఇట్టి తర్కముతోనే కార్ల్ నేగెలి 1855లో వృక్షకణముల రసములను, రంగులను పరిశీలించి, గోడకు లోపల జీవద్రవ్యమున కొక నిరోధకమగు పొర యున్నదని వాదించెను. 1867లో మోరిట్జ్ ట్రౌబె కృత్రిమములగు అర్ధప్రవేశ్య త్వచములను తయారుచేసెను. విల్హెల్మ్ ఫెఫర్ అట్టి త్వచమును సన్నని రంధ్రములు గల మట్టికుండ గోడలలో ఏర్పరచి, దాని లోపల చక్కెర నీటిని పోసి, వెలుపలి నీరు లోనికి చొచ్చుటచే కలుగు ఒత్తిడిని కొలిచెను. 1877లో ప్రకటితమైన ఆయన గ్రంథము ద్రవాభిసరణ శాస్త్రమునకు పునాది. వాంట్ హాఫ్ తన ద్రావణ సిద్ధాంతమునకు ఈ కొలతలనే వాడుకొనెను; 1901లో రసాయనశాస్త్రమున మొదటి నోబెలు బహుమానము ఆయనకే లభించినది. ఫెఫరు కొలిచినది కుండను; నిర్ణయించినది కణమును గూర్చి. అప్పటి కిది సాహసమే.

పొర యున్నదనుట యొకటి, అది యేమి పదార్థమనుట మరియొకటి. రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు ఎర్నెస్టు ఓవర్టను. ఇంగ్లండులో 1865లో జన్మించి, స్విట్జర్లండులోని జూరిచ్ నగరమున పనిచేసిన ఈ పండితునకు చరిత్రగ్రంథములు తగినంత చోటు నిచ్చినట్లు మాకు తోచదు. ఆయన పద్ధతి మిక్కిలి సరళమైనది. మొక్కల వేరుకేశములు ముడుచుకొనుటకు కొంచెము చాలని చక్కెర ద్రావణమును తీసికొని, దానికి పరీక్షింపవలసిన పదార్థమును కలుపును. ఆ పదార్థము కణములోనికి పోలేనిదైనచో వెలుపలి బలము హెచ్చి జీవద్రవ్యము ముడుచుకొనును. తేలికగ పోగలిగినదైనచో ఏమియు కాదు. మెల్లగ పోవునదైనచో మొదట ముడుచుకొని పిదప విచ్చుకొనును. ఇట్లు ఆయన 500కు పైబడిన పదార్థములను పరీక్షించెను. ఆల్కహాలు, ఈథరు, క్లోరోఫారము క్షణములో దాటినవి. గ్లిసరాలు మెల్లగ దాటినది. చక్కెరలు, ఎమైనో ఆమ్లములు ఇంచుమించుగ దాటనేలేదు. అణువు పెద్దదా చిన్నదా అనుట అంత ముఖ్యము కాదనియు, అది నూనెలో కరుగునా నీటిలో కరుగునా అనునదే నిర్ణాయకమనియు ఆయన గుర్తించెను. నూనెలో కరుగునది దాటుచున్నదన్న, దాటబడునది నూనెవంటిది కావలెను. పొర కొలెస్టరాలు, లెసిథిను మొదలగు కొవ్వుజాతి పదార్థములతో నిండియున్నదని ఆయన 1890-1900 దశకపు తుదిలో ప్రకటించెను.

ఓవర్టను ఇంతటితో ఆగలేదు. మూత్రపిండములు, గ్రంథులు కొన్ని పదార్థములను ఈ నియమమునకు విరుద్ధముగ, శక్తిని వ్యయించి తరలించుచున్నవని ఆయన స్పష్టముగ వ్రాసెను. 1902లో కప్ప కండరములను పరిశీలించి, సోడియము లేనిచో కండరము ప్రేరణకు లోబడదని చూపి, ప్రేరణ సమయమున సోడియము, పొటాసియము తమ స్థానములు మార్చుకొనుచున్నవేమో యని సూచించెను. ఈ సూచనను హాడ్జ్‌కిన్, కాట్జ్ అనువారు నాడీతంతువులపై రుజువు చేసినది 1949లో. నడుమ 47 ఏండ్లు గడచినవి. ఒక్క సంగతి మాత్రము ఆయన నియమమునకు లొంగలేదు. అది నీరు. నూనెలో కరుగని నీరు పొరను అతివేగముగ దాటుచుండెను. ఈ చిక్కు నింకను చాలకాలము విప్పినవారు లేరు.

ఇంక నూనెపొరల సంగతి. ఒక చెంచాడు నూనె చెరువుపై సుమారు అర ఎకరము మేర పరచుకొని అలల నణచినదని బెంజమిను ఫ్రాంక్లిను 1774లో ప్రకటించెను. ఆ పొర మందమును ఆయన లెక్కింపలేదు. 1890లో రేలీ ప్రభువు లెక్కించెను. ఆ మరుసటి ఏట జర్మనీలోని బ్రౌన్‌ష్వైగు నగరమునుండి ఆయనకు ఒక లేఖ వచ్చినది. వ్రాసినది ఆగ్నెస్ పోకెల్స్. ఆ కాలమున అచటి విశ్వవిద్యాలయములలో స్త్రీలకు ప్రవేశము లేదు. ఇంటిపట్టున ఉండి, రేకుతొట్టిలో నీరు పోసి, నీటి ఉపరితలముపై అడ్డముగ నొక రేకును జరుపుచు, ఉపరితలముపైని మలినపు పొర ఇరుకైనకొలది తలతన్యత యెట్లు మారుచున్నదో ఆమె ఏండ్ల తరబడి కొలిచి యుండెను. రేలీ ఆ లేఖను నేచర్ పత్రికకు పంపగా 1891 మార్చిలో అచ్చయినది. ఆ తొట్టియే కొన్ని మార్పులతో ఇర్వింగు లాంగ్‌మ్యూరు చేతిలో 1917 నాటి ప్రసిద్ధ పరిశోధనకు సాధనమైనది. కొవ్వు అణువులు నీటిపై తల నీటిలో ముంచి, తోక గాలిలోనికెత్తి, ఒకదాని ప్రక్క నొకటి నిలుచునని అతడు చూపెను. 1932లో అతనికి నోబెలు బహుమానము వచ్చినది. తొట్టి నేటికిని అతని పేరనే పిలువబడుచున్నది. అది మొదట సిద్ధమైనది ఒక గృహస్థురాలి ఇంట నని చెప్పువారు తక్కువ.

ఈ తొట్టిని జీవశాస్త్రమున ప్రయోగించినవారు హాలండులోని లైడెను నగరపు శిశువైద్యాచార్యుడు ఎవర్టు గోర్టరు, ఆయన సహచరుడు గ్రెండెలు. ఎర్ర రక్తకణములకు లోపల వేరు పొరలేవియు లేవు. ఉన్న కొవ్వంతయు వెలుపలి పొరదే. మనిషి, కుక్క, కుందేలు, మేక మొదలగువాని రక్తకణములను లెక్కపెట్టి, వానినుండి కొవ్వును ఎసిటోనుతో తీసి, తొట్టిలోని నీటిపై పరచి, అది ఆక్రమించిన వైశాల్యమును కొలిచిరి. అది ఆ కణముల మొత్తపు ఉపరితలమునకు రెండింతలుగ నున్నది. కనుక పొరలో కొవ్వు రెండు వరుసలుగ నున్నదని 1925లో వారు ప్రకటించిరి. అదే ఏట హ్యూగో ఫ్రికె రక్తకణముల విద్యుద్ధారణశక్తిని కొలిచి, పొర మందము 3.3 నానోమీటర్లని లెక్కించెను. కొవ్వు రెండువరుసల మందమునకు ఇది దూరము కాదు.

ఈ రెండువరుసల నిర్ణయము నిజము. కాని దానికి వారు చేరిన త్రోవ నిజము కాదు. 1966లో బార్, డీమరు, కార్న్‌వెల్ అనువారు ఈ ప్రయోగమును మరల చేసి చూడగా రెండు పొరపాట్లు బయటపడినవి. ఎసిటోను కొవ్వునంతను తీయలేదు. నాలుగింట నొక భాగము వరకు కణములలోనే మిగిలినది. రెండవది, కణములను ఆరబెట్టి కొలిచిరి గనుక వైశాల్యము తగ్గినది. మనిషి రక్తకణపు ఉపరితలము సుమారు 140 చదరపు మైక్రాన్లుండగా వారికి 100 లోపుగా వచ్చినది. కొవ్వులోను తగ్గుదల, వైశాల్యములోను తగ్గుదల. భాగించునప్పుడు రెండును ఒకదానినొకటి కొట్టివేసికొని సరియైన నిష్పత్తి మిగిలినది. పాఠ్యగ్రంథములు ఈ ప్రయోగమును నిర్దుష్టమైన రుజువుగ వర్ణించుట తగదు. దీనిని అదృష్టమని త్రోసివేయుటయు మాకు సమ్మతము కాదు. వారు అడిగిన ప్రశ్న సరియైనది. కొలతలో తప్పిన ప్రశ్నను పిదపవారు సరిగా కొలువగలరు, అడుగని ప్రశ్న నెవరు కొలువగలరు?

1935లో డానియెల్లి, డావ్‌సను అనువారు ఈ రెండువరుసల కిరువైపుల మాంసకృత్తుల పూత పూసిరి. చేప గ్రుడ్లలోని నూనెబొట్లకు తలతన్యత నూనెకు నీటికి నడుమ నుండవలసినదానికంటె చాల తక్కువగ నున్నది. మాంసకృత్తు చేరినచో తలతన్యత తగ్గునని అప్పటికే తెలియును. కనుక కణములపైనను మాంసకృత్తు పూత యుండవలెనని వారి వాదము. ఫాస్ఫోలిపిడ్లు తమంతట తామే తలతన్యతను అంతగను తగ్గించగలవని వారికి తెలియదు. ఊహ మాత్రముగ మొదలైన ఈ పటము ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని వచ్చిన పిదప సత్యముగ మారినది. 1957-59 మధ్య డేవిడ్ రాబర్ట్‌సను పొరల అడ్డుకోతలను పర్మాంగనేటుతో సిద్ధపరచి చూడగా రెండు నల్లని గీతలు, వాని నడుమ నొక తెల్లని గీత కనబడినవి. నల్లనివి మాంసకృత్తులు, తెల్లనిది కొవ్వు అని అతడు వ్యాఖ్యానించి, సర్వజీవుల పొరలన్నియు ఇట్టి ఏకనిర్మాణము గలవేయని ప్రతిపాదించెను. కంటికి కనబడినదానిని కాదనువా రెవరు?

ఆ గీతలు చెప్పినది వేరు, చెప్పించినది వేరు. మాంసకృత్తు లేశమైనను లేని శుద్ధమైన కొవ్వుపొరలును అట్టి మూడు గీతలనే చూపునని స్టోకెనియస్ పరిశీలించి యుండెను. 1967లో మైటోకాండ్రియాలనుండి కొవ్వునంతను దాదాపుగా తీసివేసి చూచినప్పుడును మూడు గీతలు అట్లే నిలిచి యుండెను! కొవ్వు లేకున్నను, మాంసకృత్తు లేకున్నను కనబడు గుర్తు ఈ రెంటిలో దేని స్థానమునకును సాక్ష్యము కాజాలదు. ఇంకను, రాబర్ట్‌సను విశేషముగ పరిశీలించినది నాడులను చుట్టియుండు మయెలిను తొడుగును. అందు కొవ్వు మిక్కుటము, మాంసకృత్తు అయిదవ వంతు ప్రాంతము. మైటోకాండ్రియా లోపలి త్వచములో నాలుగింట మూడు వంతులు మాంసకృత్తే. ఈ రెంటికి ఒకే పటము ఎట్లు చెల్లును?

దాటుటను గూర్చిన విచారణ ఈ కాలమున వేరొక దారిని సాగుచుండెను. కణములోపల పొటాసియము వెలుపలికంటె సుమారు 30 రెట్లు హెచ్చు. సోడియము వెలుపల సుమారు 10 రెట్లు హెచ్చు. సోడియము అసలే దాటలేదని తలచినంతవరకు చిక్కు లేదు. రేడియోధార్మిక సోడియము చేతికి వచ్చిన పిదప, 1940 ప్రాంతమున, అది లోనికి వచ్చుచునే యున్నదని తెలిసినది. వచ్చినది పోవుట లేదా? ఓడలో చేరిన నీటిని తోడిపోయునట్లు కణము సోడియమును తోడివేయుచున్నదని 1941లో రాబర్టు డీన్ ప్రతిపాదించెను. 1955లో హాడ్జ్‌కిన్, కీన్స్ అనువారు నాడీతంతువుల శక్త్యుత్పత్తిని విషముతో నాపగా సోడియము తోడివేత ఆగినది. 1960లో విషమెక్కిన తంతువులోనికి ఏ.టి.పి. మొదలగు ఫాస్ఫేటు సంయోగములను ఎక్కింపగా తోడివేత మరల సాగినది.

ఏ.టి.పి. యనునది యెవరు కనుగొనినది? ఇచట మన తెలుగువాని పేరు న్యాయముగనే వచ్చును. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కూడి, 1925లో ఫాస్ఫరసును రంగును బట్టి కొలుచు పద్ధతిని ప్రకటించెను. గోర్టరు వ్యాసము వెలువడిన ఏడే యది. 1929లో వారిద్దరును, జర్మనీలో లోమానును, వేరువేరుగ ఏ.టి.పి.ని కనుగొనిరి. త్వచముల ఫాస్ఫోలిపిడ్లను కొలుచుటకు బార్ట్‌లెట్ 1959లో సవరించిన పద్ధతి ఫిస్కె-సుబ్బారావుల కారకమునే వాడుకొన్నది. సుబ్బారావు త్వచములపై పరిశోధన చేసినవాడు కాదు. కాని త్వచపు కొవ్వును కొలిచినవారును, తోడివేత శక్తిని వెదకినవారును ఆయన పనిపై నిలిచినవారే.

1957లో డెన్మార్కులోని ఆర్హూసు విశ్వవిద్యాలయమున యెన్స్ స్కౌ పీతల కాళ్ళ నాడులనుండి ఒక ఎంజైమును తీసెను. సోడియము, పొటాసియము రెండును ఉన్నప్పుడే అది ఏ.టి.పి.ని తీవ్రముగ విడగొట్టుచుండెను. తోడు యంత్రము ఇదియే. ఒక్క ఏ.టి.పి.కి మూడు సోడియములను వెలుపలికిని, రెండు పొటాసియములను లోనికిని ఇది తరలించునని తరువాత తేలినది. స్కౌకు నోబెలు బహుమానము 1997లో, అనగా 40 ఏండ్లకు, లభించినది. అందరును దీని నొప్పుకొనలేదు. సోడియమును తోడుటకు కణమునకున్న శక్తి చాలదనియు, పొటాసియము జీవద్రవ్యమునకే అంటుకొని యుండుననియు, త్వచమునకు ఇంత ప్రాధాన్యము తగదనియు గిల్బర్టు లింగ్ 1962 నాటి తన గ్రంథమున వాదించెను. ఈ వాదమును హేళన చేయుట సులభము. జవాబు చెప్పుట సులభము కాలేదు. 1974లో శుద్ధిచేసిన ఎంజైమును కృత్రిమమైన కొవ్వు గుల్లల గోడలలో నమర్చగా అది సోడియమును తోడినది. ఆ గుల్లలలో జీవద్రవ్యము లేనే లేదు.

సోడియము ఇట్లు వెలుపల పేరుకొనుటవలన మరియొక ప్రయోజనము కలదు. చిన్నప్రేగులో చక్కెర సోడియము చేయిపట్టుకొని లోనికి వచ్చునని రాబర్టు క్రేను 1960లో ప్రతిపాదించెను. ఉప్పు, గ్లూకోజు కలిపిన నీరు త్రాగించిన వాంతిభేది రోగి బ్రదుకుటకు కారణ మిదియే. 1971లో పశ్చిమవంగమునందలి బన్‌గావ్ శరణార్థి శిబిరమున దిలీప్ మహాలనబీస్ ఈ నీటితో మరణములను నూటికి సుమారు 30 నుండి 4 లోపునకు తగ్గించెను.

తోడు యంత్రము రెండు వైపులను అంటియుండవలెను గదా. పైపూతగ నున్న మాంసకృత్తు ఈ పని యెట్లు చేయును? డానియెల్లి పటమునకు అసలు దెబ్బ ఇచటనే తగిలినది. 1966లో డేనియెల్ బ్రాంటను, గడ్డకట్టించి విరిచిన త్వచములు కొవ్వు వరుసల నడుమనే చీలుచున్నవని చూపెను. చీలిన ముఖములపై గింజలవలె కనబడినవి పొరలో దిగబడిన మాంసకృత్తులని తరువాత స్థిరపడెను. ఇదియు సూక్ష్మదర్శిని సాక్ష్యమే. చూపు ఎల్లప్పుడును మోసగించునని మా అభిప్రాయము కాదు. ప్రశ్న ముందుండవలెనని మాత్రమే. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనువారు ఎలుక కణమును మనిషి కణముతో కలిపివేసి, ఇరువురి మాంసకృత్తులకు ఎరుపు, ఆకుపచ్చ రంగుల గుర్తులు పెట్టిరి. 37 డిగ్రీల వేడిమిలో 40 నిమిషములకు రెండు రంగులును కలిసిపోయినవి. పొర తోలు కాదు, నూనె. 1972 ఫిబ్రవరిలో సింగరు, నికల్సను ప్రకటించిన ద్రవచిత్ర నమూనా ఈ ఆధారములన్నిటిని ఒకచోట కూర్చినది. పాఠ్యగ్రంథములలో మనము చూచుపటము అదియే.

నీటి చిక్కు మాత్రము అట్లే మిగిలినది. పాదరసపు లవణములు తగిలిన ఎర్ర రక్తకణములలో నీటి రాకపోకలు మందగించునని మేసీ, ఫార్మరు 1970లో చూపిరి. పాదరసము కొవ్వును కాక మాంసకృత్తును పట్టును. కనుక నీటికి మాంసకృత్తు తూము యుండవలెను. 1986లో రుమేనియాలోని క్లూజ్ నగరమున గెయోర్గె బెంగ, ఆయన అనుచరులు ఆ తూమునకు చెందిన మాంసకృత్తులపై పాదరసముతో గుర్తు వేయగలిగిరి గాని దానిని విడదీయలేదు. పీటర్ ఆగ్రె 1988లో రక్తవర్గముల మాంసకృత్తును వెదకుచు, తాను వెదకని వేరొక చిన్న మాంసకృత్తును పట్టెను. 1992లో దానిని కప్ప గ్రుడ్డులో పుట్టించి పలుచని ద్రావణములో వేయగా ఆ గ్రుడ్డు కొలది నిమిషములలో ఉబ్బి పగిలినది. మామూలు గ్రుడ్డు చెక్కుచెదరలేదు. ఒక్కొక్క తూమునుండి క్షణమునకు సుమారు 300 కోట్ల నీటి అణువులు ఒకటి వెనుక నొకటిగ నడచును; హైడ్రోజను అయాను మాత్రము వానితో పోజాలదు. మన మూత్రపిండములు దినమునకు వడగట్టు సుమారు 180 లీటర్ల ద్రవములో నీరు చాలవరకు ఈ తూముల ద్వారముననే మరల రక్తమును చేరును. ఆగ్రెకు 2003లో నోబెలు బహుమానము లభించినది. బెంగ పాలు విస్మరింపబడినదని ఆయన పక్షమువారు నాడు గట్టిగ వాదించిరి. మొదట విడదీసి పని చూపినది ఆగ్రె యనుటలో సందేహము లేదు. మాంసకృత్తు నుద్దేశించి ముందుగ గురిపెట్టినది బెంగ యనుటయు అంతియే నిజము. ఫెఫరు మట్టికుండలోనికి నీరు చొచ్చిన 1877కును కప్ప గ్రుడ్డు పగిలిన 1992కును నడుమ 115 సంవత్సరములు.